కాస్త నెమ్మదిగా మాట్లాడండమ్మా, లోపల రికార్డింగ్

"కాస్త నెమ్మదిగా మాట్లాడండమ్మా, లోపల పిల్లలు రికార్డింగ్ చేసుకుంటున్నారు."

ఆ ఆదివారం ఈ మాట ఎంతమందితో అన్నానో చెప్పలేను. జగ్గయ్యపేటలో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగు గుడ్డ అమ్ముతాం, చీరలకి ఫాల్ కుట్టి పికో చేస్తాం. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో కొట్టు కిటకిటలాడుతోంది. వంగపండు రంగు పట్టుచీర తెచ్చిన ఒకావిడ రంగు కుదరక "ఇది కాదండీ, ఇంకాస్త ముదురు చూపించండి" అని గొంతు పెంచితే, పెదాల మీద వేలు పెట్టి ఆవిణ్ణి ఊరుకోబెట్టాను. పికో మిషన్ ఆపేశాను. ఫ్యాను ఆపేశాను. జాకెట్టు ముక్క చేత్తో చింపితే చర్రుమంటుందని కత్తెర పెట్టి నిదానంగా కత్తిరించాను. కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో అలా కత్తిరించడం అదే మొదలు.

ఇంతా చేసి నేను కాపలా కాసింది దేనికయ్యా అంటే, కొట్టు వెనక గోడౌన్ తలుపేసుకుని నా కూతురు నా రహస్యాన్ని ఊరందరికీ చెప్పడానికి. నా ఫ్యాను ఆపించి, నా మిషన్ ఆపించి, నా కొట్టుకొచ్చినవాళ్ళ నోళ్ళు నా చేతే మూయించి మరీ చెప్పింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిపోతుంది.

ఇదంతా దాన్ని అడక్కుండానే రాస్తున్నాను. అది నన్నడిగిందా? ఎవరి పేర్లూ రాయను. అదీ చెప్పలేదు కాబట్టి చెల్లుకు చెల్లు. పైగా అది చదువుతుందన్న భయం నాకు లేదు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం, ఇంటర్లో సంస్కృతం. తెలుగు అచ్చు అర పేజీ చూస్తే చాలు, దానికి ఆవలింతలొస్తాయి.

అసలీ పాడ్‌కాస్టు గోల ఎలా మొదలైందో చెప్పాలి. నా కూతురు నందిగామలో ఇంటర్ చదువుతోంది. రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. మా పుట్టిల్లు నందిగామే. అమ్మ, తమ్ముడు, మరదలు అక్కడే ఉంటారు కాబట్టి దాని మధ్యాహ్నం భోజనం అమ్మమ్మ దగ్గరే. మా అమ్మ ముద్దపప్పు, నెయ్యి, ఊరమిరపకాయలు సిద్ధం చేసుకుని మనవరాలి కోసం గుమ్మంలో కూర్చుంటుంది. అది ఎంత ఆలస్యంగా వచ్చినా అది తిన్నాకే తను తింటుంది. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

ఒకరోజు సాయంత్రం అది తన క్లాసు పిల్లలిద్దర్ని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చింది.

"మమ్మీ, మేం ముగ్గురం పాడ్‌కాస్ట్ స్టార్ట్ చేస్తున్నాం" అంది.

"అంటే?"

"రేడియో లాంటిదే. మేం మాట్లాడుకుని రికార్డు చేసి పెడతాం. ఎవరికి కావాలంటే వాళ్ళు ఫోన్లో వింటారు."

"ఏం మాట్లాడతారు?"

"మా ఏజ్ వాళ్ళ ప్రాబ్లమ్స్."

నాకు నవ్వాగలేదు. "మీకేం ప్రాబ్లమ్సే తల్లీ, వేళకి తిని ఫోన్లు చూసుకోవడమేగా!" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఇదిగో ఆంటీ, ఇదే మా ఫస్ట్ ఎపిసోడ్" అందొక పిల్ల. గడుసుది.

ఇంట్లో రికార్డు చేస్తే గొంతు డొల్లగా వినపడిందట. మేడెక్కితే సిమెంటు లారీల హారన్లట. వెతికి వెతికి చివరికి మా కొట్టు వెనక గోడౌన్ పట్టుకున్నారు. నాలుగు గోడలకీ పైకప్పు దాకా గుడ్డ తానులే. లోపల మాట్లాడితే ఆ గుడ్డంతా శబ్దాన్ని పీల్చేసుకుంటుందట, గొంతు శుభ్రంగా పడుతుందట. "పెద్ద పెద్ద స్టూడియోల్లో ఇలాగే చేస్తారు ఆంటీ" అన్నారు. నేను ఉబ్బిపోయాను. నా లైనింగు గుడ్డకి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు మరి. స్టూళ్ళు వేయించాను. ఆదివారం ఆదివారం పక్క బండి నుంచి వేడి పునుగులు తెప్పించాను. మా ఆయన "చదువు గాలికొదిలేసి ఈ కబుర్లేంటి?" అని విసుక్కుంటే ఆయనతో దెబ్బలాటకి దిగాను. "వాళ్ళ బాధలు వాళ్ళు చెప్పుకుంటే మీ సొమ్మేం పోయిందండీ? మనకి చెప్పుకునే దిక్కుందా ఆ వయసులో?" అన్నాను. వాళ్ళకి వకీలుని నేనే, కాపలాదారుని నేనే.

వినేదాన్ని కూడా. ఫాల్ కుడుతూ చెవిలో పెట్టుకుని ప్రతి ఎపిసోడూ విన్నాను. ముగ్గురికీ కొన్ని నియమాలున్నాయి. ఎవరి పేరూ చెప్పకూడదు, ఊరి పేరు చెప్పకూడదు, కాలేజీ పేరు అసలే చెప్పకూడదు. ఒకసారి మొటిమల గురించి మాట్లాడారు. ఒకసారి పక్కింటి పిల్లల మార్కులతో పోల్చి దెప్పే అమ్మల గురించి. అది నా గురించేనని తెలిసి నవ్వుకున్నాను. హాస్టల్లో ఒక పిల్ల ఏడుపు ఎవరికీ వినపడకూడదని స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేదని చెప్పినప్పుడు మాత్రం సూది వేలికి గుచ్చుకుంది. వారం రోజులు ఆ పిల్ల గురించే ఆలోచించాను. ఎంత బాగా మాట్లాడుతున్నారు, మనకి ఈ ధైర్యం ఎక్కడిది అనుకున్నాను. కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. "మా అమ్మాయి పాడ్‌కాస్ట్ చేస్తుందండీ, మీ పిల్లల చేత పెట్టించుకుని వినండి" అని బతిమాలి మరీ వినిపించాను. నా గోతికి నేనే మనుషుల్ని పోగేశానన్నమాట.

ఇక రహస్యం. ఊరందరికీ తెలిసిపోయాక ఇంకా దాచేదేముంది, చెప్తాను.

నేను నందిగామ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఖో-ఖో ఆడేదాన్ని. ఏదో ఆడటం కాదు, పిచ్చి. చలిలో కూడా తెల్లారకుండానే మైదానంలో ఉండేదాన్ని. మా ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఆటలు కట్టు. మూల కూర్చోబెట్టి, చాప వేసి, చిమ్మిలి తినిపించి, పేరంటం చేసి, ఓణీ వేసేస్తారు. ఓణీ వేసుకుని బడికెళ్ళొచ్చు గానీ, నిక్కరు వేసుకుని నలుగురి ముందు పరిగెత్తడమనేది ఉండదు. జోనల్ పోటీలు దగ్గరికొచ్చిన రోజుల్లో నాకయింది. అమ్మకి చెప్పలేదు. అంతే.

అమ్మ పాత నేతచీర ఒకటి చింపి దాచుకున్నాను. దొడ్లో వంటచెరుకుకి పేర్చిన పత్తికంప మోపుల వెనక గుడ్డలు ఆరేసుకునేదాన్ని. అటువైపు ఎండ బాగా తగిలేది, ఎవరూ వచ్చేవారు కాదు. జోనల్ గెలిచాం. జిల్లా పోటీలు బందర్లో అన్నారు. ఈలోగా కార్తీకమాసం వచ్చింది. అమ్మ నన్ను వేదాద్రి తీసుకెళ్ళి కృష్ణలో స్నానం చేయించి, నా చేత దీపం వదిలించి, నరసింహస్వామి దర్శనం చేయించింది. ఆ రోజు నేను బయటున్న రోజు. అమ్మకి తెలియదు. స్వామికి తెలిసే ఉంటుంది, ఏమీ అనలేదు.

ఇది ఏడుపు కథ కాదు. ఈ ముక్క ఎవరూ మర్చిపోకూడదు. ఆ నెలలంత సంతోషంగా నేను ఆ తర్వాత ఎప్పుడూ లేను, పెళ్ళిలో కూడా. ఇంట్లో అందరి మధ్యా తిరుగుతూ ఎవరికీ తెలియనిదొకటి నా దగ్గరుంది. అది ఉందన్న ధీమాతోనే ఇంకా వేగంగా పరిగెత్తానేమో. భయమా? ఒక్క రోజు కూడా పడలేదు.

బందరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే "అమ్మా, ఇలా అయింది" అని కొత్తగా చెప్పాను. ఇల్లంతా హడావుడి. పంతులుగారొచ్చి పంచాంగం చూసి, రోహిణి నక్షత్రం, దివ్యమైన ఘడియ అన్నారు. మా అమ్మ ఆనందం చూడాలి! ఆ రోజు నుంచీ "మా పిల్ల రోహిణిలో పెద్దమనిషి అయింది, దానికేం తక్కువ" అని కనపడినవాళ్ళందరికీ చెప్పింది. పెళ్ళిచూపుల్లో చెప్పింది. మా కొట్టు నాలుగు కాసులు చూసినా ఆ రోహిణి చలవే అంటుంది. ఆ సంబరంలో బందర్లో ఏమైందని నన్నొక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మకి నిజం చెప్పకపోవడానికి భయం కారణం కాదు. ఆవిడ రోహిణి ఆవిడకి ఉండనీ అనుకున్నాను. వేదాద్రి సంగతి తెలిస్తే మాత్రం తట్టుకోలేదని నాకు గట్టి నమ్మకం. కార్తీకంలో పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా దీపం పెట్టే మనిషి.

ఇన్నేళ్ళలో నేనీ సంగతి ఒక్కరికే చెప్పాను. నా కూతురు ఆరో తరగతిలో ఉండగా దానికి మొదటిసారి అయినప్పుడు బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఎంత పిలిచినా తీయదు. తలుపు బయట గచ్చు మీద కూర్చుని ఈ కథంతా చెప్పాను. పత్తికంప దగ్గరికొచ్చేసరికి ఏడుపాగింది. వేదాద్రి దగ్గరికొచ్చేసరికి కిసుక్కున నవ్వింది.

"ఇది నీకూ నాకూ మధ్యే. అమ్మమ్మకి తెలియకూడదు. ప్రాణం పోయినా చెప్పకూడదు" అన్నాను.

"గాడ్ ప్రామిస్ మమ్మీ" అని ముక్కు ఎగబీల్చి తలుపు తీసింది. ఆ రోజు నుంచీ అది నాకు కూతురు మాత్రమే కాదు, నా కథ తెలిసిన ఒకే ఒక్క మనిషి. నలుగురిలో ఉన్నప్పుడు మా అమ్మ రోహిణి మాటెత్తితే మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకునేవాళ్ళం. నాకు ఆ చూపు ఎంత ఇష్టమో దానికి తెలుసు.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ ఆదివారం తర్వాత వచ్చిన శనివారం, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉండే ఒకావిడ, మాకు పాత ఖాతాదారే, ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చింది. చీర నా చేతికిచ్చి అదోలా చూసింది.

"మీరు చిన్నప్పుడు ఖో-ఖో ఆడేవారటగా అండీ! పాపం, ఎంత కష్టపడ్డారండీ!"

మీటరు బద్ద నా చేతిలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. "ఎవరు చెప్పారండీ మీకు?"

"మీరే వినమన్నారుగా పాడ్‌కాస్టు! మా పాప వినిపించింది. పేరు చెప్పలేదనుకోండి. కానీ మధ్యలో వెనకనుంచి 'ముదురు వంగపండు అయిపోయిందమ్మా, కాస్త నెమ్మదిగా మాట్లాడండి' అని వినపడింది. మీ గొంతు మాకు తెలీదా ఏంటండీ!" అని పకపకా నవ్వింది.

తల కొట్టేసినట్టయింది. కొట్టులో ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు రంగులు చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టారు. అందరి నోళ్ళూ మూయించాను గానీ నా నోరు నేను మూసుకోవాలని నాకు తట్టలేదు. తలుపు కింది సందులోంచి నా గొంతే లోపలికెళ్ళి నన్ను పట్టించింది.

ఆ చీర పక్కన పడేసి గోడౌన్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. వాళ్ళు కూర్చునే స్టూలు మీదే కూర్చుని విన్నాను. ముందు ఏదో ఏడుపు సంగీతం. తర్వాత నా కూతురి గొంతు, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతు.

"ఈ రోజు మా మమ్మీ గురించి చెప్తాను. పాపం మా మమ్మీ, రోజూ నైట్ ఏడుస్తూ పడుకునేది. మా అమ్మమ్మ అంత స్ట్రిక్ట్. ఆ ఏజ్‌లో తనని దగ్గరికి తీసుకుని ఒక హగ్ ఇచ్చేవాళ్ళే లేరు..."

హగ్గట! నేను ఏడుస్తూ పడుకున్నానట! నా చెవులు నేను నమ్మలేకపోయాను. పత్తికంప చెప్పింది. "కృష్ణా నది పక్కన ఒక టెంపుల్" అని వేదాద్రి చెప్పింది. పంతులుగారి రోహిణి చెప్పి, అమ్మమ్మ ఆ మాటెత్తినప్పుడల్లా మేమిద్దరం నవ్వాపుకోవడం కూడా చెప్పి ముగ్గురూ నవ్వారు. మా ఇద్దరిదీ అనుకున్న ఆ నవ్వు ఇంకో ఇద్దరికి పంచిపెట్టింది. చివర్లో "ఆ మ్యాచ్ గెలిచిందో ఓడిందో మా మమ్మీ నాకెప్పుడూ చెప్పలేదు. మేబీ చెప్పుకునేంత హ్యాపీ ఎండింగ్ కాదేమో" అని నిట్టూర్చింది.

చెప్పడం ఒక ద్రోహం. తప్పుగా చెప్పడం దాన్ని మించింది. నేను గర్వంగా దాచుకున్నదాన్ని తీసుకెళ్ళి జాలిపడమని జనం ముందు పెట్టింది. రోజూ తన కోసం గుమ్మంలో కూర్చునే ముసలావిణ్ణి గయ్యాళిని చేసింది. అదీ ఆవిడ చేతి ముద్దపప్పు తింటూ!

సాయంత్రం బస్సు దిగి కొట్టులోకి రాగానే గోడౌన్లోకి లాక్కెళ్ళాను.

"ఎవర్నడిగి చెప్పావే?"

దానికి వెంటనే అర్థమైంది. మొహంలో రంగు మారింది గానీ వెనక్కి తగ్గలేదు. "పేరు చెప్పలేదుగా మమ్మీ."

"గాడ్ ప్రామిస్ అన్నావు."

"అప్పుడు నాకు పదకొండేళ్ళు! ఇది మంచి టాపిక్ మమ్మీ. అందరూ దాచుకుని దాచుకునే ఇలా తయారైంది. కామెంట్లు చూడు, ఎంతమంది ఏడ్చారో. ఇప్పటిదాకా మాకు అన్నిటికంటే ఎక్కువ విన్నది ఇదే."

"నా కథకి ఏడవడానికి వాళ్ళెవరే? నేనే ఏడవలేదు. నేనెప్పుడేడ్చానే? నీకలా చెప్పానా?"

"నువ్వు చెప్పలేదు. కానీ ఏడ్చే ఉంటావు కదా. నేనైతే ఏడ్చేదాన్ని." భుజం మీది బ్యాగు దించి, "అయినా నువ్వు నాకు చెప్పావుగా, అది నా కథ కూడా" అంది.

దాని మొహంలోకి చూశాను. నిజంగానే అలా అనుకుంటోంది. వాళ్ళ మాటల్లో చెప్పాలంటే అది కంటెంటు. ఆదివారానికి ఒకటి కావాలి. హాస్టల్ పిల్ల అయిపోయింది, మొటిమలయిపోయాయి, ఈసారి నేను దొరికాను. కుళాయి తిప్పుకుని ఏడ్చిన ఆ పిల్ల గుర్తొచ్చింది నాకు. ఆ పిల్లనైనా అడిగారో లేదో.

"అమ్మమ్మ వింటే?" అన్నాను.

"అమ్మమ్మ పాడ్‌కాస్ట్ ఏం వింటుంది మమ్మీ, నువ్వు మరీనూ" అంది. నేను తలుపుకి అడ్డంగా నిలబడేసరికి ఫోను తీసి, "సరే, తీసేస్తా. చూడు, తీసేసా. హ్యాపీయా?" అంది.

మర్నాడు ఆదివారం. రికార్డింగు లేదని చెప్పి, కొట్టు దానికప్పగించి నందిగామ బస్సెక్కాను. అమ్మకి తెలియకూడదు. నాకున్న ఆరాటమంతా అదొక్కటే. మరదలికి ముందుగా చెప్పి ఉంచితే చాలనుకున్నాను. చిల్లకల్లు దాటేదాకా దానికి ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

గుమ్మంలో అమ్మ లేదు. మరదలు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని కళ్ళు చూస్తేనే నాకు అర్థమైపోయింది.

"వదినా, తప్పు నాదే. గురువారం అత్తయ్యగారికి నేనే వినిపించా. మన పిల్ల గొంతు వింటే సంతోషిస్తారని పెట్టా. ముందు నేను వినలేదు వదినా, ఒట్టు. అప్పటి నుంచీ ఎవరితోనూ మాట్లాడట్లేదు. పిల్లకి మాత్రం అన్నం పెడుతున్నారు."

శుక్రవారం, శనివారం కూడా నా కూతురు ఆ ఇంట్లో భోజనం చేసింది. మా అమ్మ వడ్డించింది. ఒక్క మాట అనలేదు.

అమ్మ వెనక వసారాలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనెళ్ళి పక్కన కూర్చుని నేనూ తీయడం మొదలుపెట్టాను. ఘాటుకి తుమ్మొచ్చింది. అమ్మ నావైపు చూడలేదు.

"అమ్మా, వేదాద్రి సంగతి..." అన్నాను. గుమ్మం నుంచి వసారాలోకి వచ్చేలోపు నేను కూడబలుక్కున్నదంతా దానికోసమే. చిన్నతనం, తెలియనితనం, కావాలంటే ప్రాయశ్చిత్తం చేయించుకుంటానని చెప్పాలనుకున్నాను.

"దాని సంగతి నువ్వూ ఆ స్వామీ చూసుకోండి. ఆయనకి తెలీకుండా చేసావా ఏంటి" అంది, కాయ మీంచి చూపు తిప్పకుండా.

"పిల్ల నిన్నలా అన్నందుకు..."

"అది చిన్నది. దానికి తోచింది అది వాగింది. రేపు మళ్ళీ వస్తుంది, అన్నం తింటుంది." చేతిలో కాయ కింద పెట్టింది. అప్పుడు చూసింది నావైపు. "రోహిణి రోహిణి అని ముప్పయ్యేళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరిగా. నీ పెళ్ళిచూపుల్లో చెప్పా. మీ అత్తగారికి చెప్పా. చెప్పినప్పుడల్లా నువ్వు నా పక్కనే నుంచుని నవ్వావు. నీ కూతురు కూడా నవ్విందట. ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్ళటగా?"

నేను తల వంచుకున్నాను.

"దాచావు, సరే. చెప్పుంటే నేను ఆట మాన్పించేదాన్నే, ఒప్పుకుంటా. మరి తర్వాతో? ఆట అయిపోయింది, పెళ్ళయింది, పిల్ల పుట్టింది. నువ్వు పురిటికొస్తే నెలలు నెలలు పక్కన పడుకున్నా. అప్పుడైనా చెప్పొచ్చుగా? నేనూ నవ్వేదాన్నిగా? ఆరో తరగతి పిల్లకి చెప్పడానికి నోరొచ్చింది, నాకు చెప్పడానికి రాలేదటే?"

కూతురు నా మాట బయటపెట్టిందని నిప్పులు చెరుగుతూ వెళ్ళినదాన్ని, అక్కడ కూర్చుని తొడిమలు తీశాను. మరదలు కాఫీ తెచ్చింది. చల్లారిపోయింది.

నేను బయల్దేరే ముందు అమ్మ సీసాలోకి కారం పోసి, మూతకి గుడ్డ కట్టింది. సంచిలో పెట్టి నా చేతికిస్తూ, "ఇంతకీ ఆ బందర్లో గెలిచారా?" అంది.

నేను సంచి కింద పెట్టేశాను. మళ్ళీ కూర్చున్నాను. మొదటి ఆట నుంచీ చివరి ఆట దాకా, ఎవరు ఎక్కడ పడ్డారు, నేనెక్కడ లేచి పరిగెత్తాను, మాతో వచ్చిన టీచరు ఏమన్నారు, రాత్రి బస్సులో ఏం పాడుకుంటూ వచ్చాం, అన్నీ చెప్పాను. అమ్మ అడ్డు రాకుండా విన్నది. ఒకచోట నవ్వింది. ఒకచోట "అయ్యో" అంది. నేను చివరి బస్సు తప్పిపోతుందని లేచేదాకా చెప్తూనే ఉన్నాను. అక్కడ ఏమైందో మాత్రం ఇక్కడ రాయను. ఏమీ అనుకోకండి.

కొట్టుకొచ్చేసరికి నా కూతురు గల్లా దగ్గర కూర్చుని ఉంది. పాపం బుద్ధిగా కొట్టు చూసుకుంది. తానులన్నీ చుట్టి ఎక్కడివక్కడ సర్దింది. నా మొహం చూసి మంచినీళ్ళ సీసా అందించింది.

"అమ్మమ్మ ఏమంది మమ్మీ?"

"ఏమీ అనలేదు."

కింద పడ్డ గుడ్డ పీలికలు ఏరింది. పికో మిషన్ మీద దుమ్ము తుడిచింది. ఆ తర్వాత నా పక్కకొచ్చి, చిన్నప్పుడు బాత్రూం తలుపు తీసి వచ్చినప్పుడు ఆనుకున్నట్టే భుజానికి ఆనుకుంది.

"మమ్మీ, బందర్లో మీరు గెలిచారా, ఓడిపోయారా?"

నేను దాని వైపు చూడబోయాను. అంతకంటే ముందు నా కళ్ళు గల్లా పెట్టె మీద బోర్లా పెట్టి ఉన్న ఫోను మీదికి పోయాయి. అది నా చూపు ఎటు పోయిందో చూసింది. గబుక్కున ఫోను తిప్పి చూపించింది. తెర నల్లగా ఉంది.

"ఆన్‌లో లేదు మమ్మీ. ఎవరికీ చెప్పను. నాకోసమే అడుగుతున్నా."

నిజమే చెప్పిందేమో. దాని గొంతులో ఆ మెత్తటి పాడ్‌కాస్టు గొంతు లేదు, నా కూతురి గొంతే ఉంది.

"గుర్తులేదే" అన్నాను, షట్టర్ దించడానికి లేస్తూ.